తల ఆనని సీటు

గోథెన్‌బర్గ్
జనవరి 12, 1998

గుడ్రున్ అత్తకి,

నీ పోస్టుకార్డు అందింది. ఒక వైపు మంచులో నిలబడ్డ గొర్రె బొమ్మ. రెండో వైపు నీ దస్తూరి: "మే ర్యాలీకి నేను వెళ్ళడం లేదు. జూన్‌లో బండిని సిక్స్టెన్ తీసుకుంటాడు." నీ రాతలో కన్నా ఆ గొర్రె మొహంలోనే ఎక్కువ మనసు కనిపించింది.

సిక్స్టెన్! బ్యాంకులో ఉన్నంతకాలం మనుషుల్ని ఎగాదిగా చూసి అప్పు లేదు పొమ్మన్నాడు. రిటైరయ్యాక మీ పాత కార్ల క్లబ్బుకి పరీక్షాధికారి అయ్యి, మెడలో భూతద్దం వేలాడేసుకుని, "ఈ మర ఆ కాలందేనా?" అని బళ్ళని ఎగాదిగా చూస్తున్నాడు. నువ్వు నలభై ఏళ్ళకి పైగా నడిపిన బండి అతగాడి షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకోవాలా?

అక్టోబరులో నీ వెన్నులో ఎముక ఒకటి నలిగింది. డెబ్భై రెండేళ్ళ మనిషివి బంగాళాదుంపల బస్తా ఎత్తావు, పక్కింటివాణ్ణి పిలవడం నామోషీ కనక. కల్మార్ ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పినప్పుడు నీ పక్కనే ఉన్నాను. ఆ సీటు మీద కూర్చోవద్దంది. బండి నడపొద్దు అనలేదు. ఈ రెండూ ఒకటి కాదని నీకు తెలుసు. తెలియనట్టు నటించడం నీకు రాదు, మానెయ్.

నువ్వు ఆసుపత్రిలో ఉండగా నేను తోలుకొచ్చిన బండి ఇక్కడ నా అద్దె షెడ్డులో క్షేమంగా ఉంది. నిన్న ఆఫీసు అయ్యాక వెళ్ళి అందులో కూర్చున్నాను. (ఆఫీసు అంటే ఓడల కంపెనీలో, నిద్రపోతున్న మగవాళ్ళు మీటింగుల్లో ఏమన్నారో టైపు చేసే చోటు. ఆర్థిక చరిత్రలో పట్టా తీసుకున్నందుకు నాకు దక్కిన బహుమానం.) సీట్లో స్ప్రింగులన్నీ చచ్చాయి. ఒకటి బతికుంది, అది పొడుస్తుంది. వీపు దిండు భుజాల కిందే ఆగిపోతుంది, ఆ పైన తల వెనక గాలి తప్ప ఏమీ లేదు. వెనకనుంచి ఎవడైనా కాస్త తగిలాడంటే తల కొరడాలా వెనక్కి విరుచుకుపడుతుంది. పైగా రెండు తలుపుల బండి, వెనకవాళ్ళు ఎక్కాలంటే సీటు వీపు ముందుకి మడవాలి. దాన్ని పట్టి ఉంచే కొక్కెమే లేదు. గట్టిగా బ్రేకు తొక్కితే నీ సీటే నిన్ను స్టీరింగు మీదకి నెడుతుంది. దీన్ని మీ క్లబ్బు 'అసలు రూపం' అని పూజిస్తుంది.

ఒక బేరం. సీటు నేను మారుస్తాను. మేలో నువ్వే బండి నడిపి ర్యాలీకి వెళ్ళావంటే అమ్మకం లేదు. వెళ్ళలేకపోతే సిక్స్టెన్‌కి ఇచ్చుకో, తాళాలకి రిబ్బను నేనే కడతాను.

ఇల్వా


ఓలాండ్
జనవరి 29

ఇల్వాకి,

ఫోన్ చేయకుండా రాసినందుకు సంతోషం. ఫోన్‌లో నిన్ను ఆపడం నా వల్ల కాదు. ఉత్తరమైతే మధ్యలో బోర్లించి కాఫీ పోసుకోవచ్చు. నీదానికి రెండు కప్పులు పట్టింది.

ఆ సీటు గురించి నాకు పాఠం చెప్పకు. ఈ దీవి ఉత్తరపు సగానికి మంత్రసానిని నేను, నువ్వు కాదు. మంచులో, బురదలో, తాగిన మొగుళ్ళు ఫోన్‌లో చెప్పిన తప్పుడు దారుల్లో ఆ సీటు మీదే తిరిగాను. ర్యాలీలో మైకు పట్టుకునే లెన్నార్ట్ ఆ బండి వెనక సీట్లోనే పుట్టాడు. ఆ రోజు మొదలుపెట్టిన అరుపు ఇంకా ఆపలేదు. నా తల వెనక ఏమీ లేకపోవడం వల్ల నా తలకి వచ్చిన నష్టమేమీ లేదు. తల వెనక దిండ్లు పెట్టుకుని పెరిగిన నీ తరం తలల్లో ఏముందో నాకు ఇంతవరకూ తెలియలేదు.

క్లబ్బు గురించి ఒక సంగతి తెలుసుకో. ర్యాలీ రోజున బోర్గ్‌హోల్మ్ ఊరి కూడలిలో రెండు వరసలు. అసలు రూపంలో ఉన్న బళ్ళు చర్చి వైపు. ఏదన్నా మార్చిన బళ్ళు చేపల దుకాణం వైపు, చెత్త డబ్బాల పక్కన. అక్కడ ఉండేది రగ్గారె కుర్రాళ్ళు. జుట్టుకి నూనె కారుతూ, పడవంత అమెరికా బళ్ళలో బీరు డబ్బాలు దొర్లించుకుంటూ, ఊరంతా వినబడేలా పాటలు పెట్టుకుని వస్తారు. నేను ఒక్క ఏడాది కూడా ఆ పక్క నిలబడలేదు.

నీ బేరానికి ఒప్పుకుంటున్నాను, నువ్వు ఓడిపోతే చూద్దామని. షరతులు ఉన్నాయి. ఎరుపు తప్ప వేరే రంగు వద్దు. ఫోటో పంపకుండా ఏదీ కొనకు. బండికి ఒక్క రంధ్రం కూడా వేయకు.

గుడ్రున్


గోథెన్‌బర్గ్
ఫిబ్రవరి 24, సెమ్లా మంగళవారం

అత్తా,

ఈ మధ్య నా శనివారాలన్నీ తుక్కు బళ్ళ యార్డులో గడుస్తున్నాయి. యజమాని పేరు అడగలేదు, అతనూ నా పేరు అడగలేదు. మా స్నేహం అంతవరకే.

"ఏ బండికి?" అన్నాడు.

"1955ది."

"దానికి సీటెందుకమ్మాయ్, దండ వెయ్యి."

"మా అత్త నడుపుతుంది."

"ఆవిడకెంత?"

"డెబ్భై రెండు."

"అయితే ఒకటే దండ, పెద్దది తీసుకో."

నీకు నచ్చేవాడు.

దొరికినవి చెబుతాను. మొదటిది పిల్లల తల్లులు నడిపే పెద్ద బండిలోది. సోఫాలా మెత్తన. అందులో కాసేపు కూర్చుంటే మనిషి అభిప్రాయాలు కూడా మెత్తబడిపోతాయి. నీ వెన్నుకి అది అసలే కూడదు. రెండోది పాత బళ్ళ కోసమే అమ్మే కొత్త సీటు. చూడ్డానికి నీ సీటులాగే ఉంటుంది, పైన రెండు పుల్లల మీద అప్పడమంత దిండు. తల తగిలితే పుల్లలే ముందు విరుగుతాయి. అది మీ క్లబ్బు మగవాళ్ళు పెళ్ళాల నోరు మూయించడానికి కొనే వస్తువు.

మూడోదాన్ని ఎంచుకున్నాను. పందేల రకం బండిలోంచి ఊడబీకింది. వీపు దిండు తల పైదాకా ఒకే ముక్క. నేను కూర్చుని తల వెనక్కి వాలిస్తే రెండు వేళ్ళ సందులో ఆనింది, గుద్దుకున్నప్పుడు మెడకి తగిలే దెబ్బల మీద వచ్చిన నివేదికలన్నీ అడిగేది సరిగ్గా ఇదే. (లైబ్రరీలో వాటిని నేను తప్ప ఎవరూ తిరగేసినట్టు లేదు.) తొడల పక్కన, పక్కటెముకల పక్కన ఎత్తుగా గట్లు ఉన్నాయి, మలుపుల్లో మనిషి జారదు. అందులో కూర్చుని పేపరు మొత్తం చదివాను, సెమ్లా బన్ను ఒకటి తిన్నాను, మీగడ ముక్కుకి అంటుకుంది. గుప్పిట్లో పెట్టి పట్టుకున్నట్టు పట్టుకుంది నన్ను. సీటు వేడెక్కే తీగలు కూడా ఉన్నాయి. నల్లగా ఉంది, ఎర్ర తోలు తొడిగిస్తాను. ఫోటో జత చేశాను. అందులో సీటు మీద పడ్డ నీడ యజమానిది, నవ్వుతున్నాడు.

ఇల్వా


ఓలాండ్
మార్చి 14

ఇల్వాకి,

ఫోటో చూశాను. మొదట పళ్ళ డాక్టరు కుర్చీ అనుకున్నాను. తర్వాత స్నానాల తొట్టి అనుకున్నాను. తిరగేసి చూస్తే వెనక 'సీటు' అని రాశావు. రాయకపోతే తెలిసేది కాదు.

ఆ గట్లు దేనికి? నేనేమైనా పందేనికి వెళ్తున్నానా? మనిషి కూర్చున్నాక మళ్ళీ లేవాల్సి ఉంటుందని దాన్ని చేసినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. పైగా ఆ ఎత్తు! కిటికీలోంచి చూసేవాళ్ళకి సీటు కనిపిస్తుంది, నేను కనిపించను.

నిన్న సిక్స్టెన్ వచ్చాడు, పిలవకుండా. ఫోటో బల్ల మీదే ఉంది. భూతద్దం పెట్టి చూశాడు, అదీ నా వంటింట్లో.

"గుడ్రున్, ఇది జరగనివ్వవు కదా?"

"నా బండికి ఏం జరగాలో నీ గాజుముక్కకి నేను చెప్పుకోనక్కర్లేదు."

"సీటు మారిస్తే చేపల వైపు నిలబెట్టాల్సి వస్తుంది. నియమం అందరికీ ఒకటే."

"చేపలు నీకన్నా తక్కువ మాట్లాడతాయి సిక్స్టెన్."

కాఫీ తాగి, నా మోకాళ్ళ వైపు ఒకసారి చూసి, జూన్ వరకూ ఎందుకు, మేలోనే తీసుకెళ్తానన్నాడు. ఆలోచిస్తానన్నాను.

వాడి ముందు నిన్ను వెనకేసుకొచ్చాను కనక సీటు నచ్చిందనుకునేవు. నచ్చలేదు. వద్దు.

గుడ్రున్


గోథెన్‌బర్గ్
ఏప్రిల్ 15

అత్తా,

ఈస్టర్‌కి ఇంత గొప్ప ఆతిథ్యం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. నాకు కాదులే, సీటుకి.

దాన్ని రైలెక్కించాను. టికెట్లు చూసేవాడు, "మా సీట్లు మీకు నచ్చలేదా?" అన్నాడు, బోగీ అంతా నవ్వింది. కల్మార్‌లో బస్సు డ్రైవరు దానికీ టికెట్టు అడిగాడు. నీ ఇంటి గేటు నుంచి వంటింటి దాకా గుండెకి హత్తుకుని మోసుకొచ్చాను, ఎర్ర తోలు గీరుకుపోకూడదని. నీ బల్ల పక్కన పెట్టాను. "ఒక్కసారి కూర్చో, కూర్చుని తిట్టు" అన్నాను.

ఉన్నన్నాళ్ళూ నువ్వు దాని చుట్టూ చచ్చిన నక్కని తప్పుకుని నడిచినట్టు నడిచావు. తల ఆనే చోట గిన్నెలు తుడిచే గుడ్డ ఆరేశావు. ఉడికిన కుడుముల కుండ పొయ్యి మీంచి దించి, సరిగ్గా దాని మీదే పెట్టావు! లోపల పంది మాంసం కూరిన కుడుములు అంత సుఖంగా ఎప్పుడూ కూర్చుని ఉండవు. కాఫీ నిలబడే తాగావు. నిలబడే నన్ను పరిహాసం చేశావు. ఒక్కసారి, ఒక్కసారి కూడా కూర్చోలేదు.

నాకిప్పుడు అర్థమైంది. నీకు వెన్ను కన్నా వరస ముఖ్యం. చర్చి వైపు నిలబడాలి, సిక్స్టెన్ భూతద్దం కింద పాసవ్వాలి. ఊళ్ళో మగాళ్ళందరినీ నోటితో ఆడించిన గుడ్రున్ మంత్రసాని, చివరికి చెత్త డబ్బాల పక్కన నిలబడ్డానికి జంకుతోంది. పిరికితనానికి ఎర్ర తోలు తొడిగితే దాన్ని సంప్రదాయం అంటారు కాబోలు.

సీటు నీ వంటింట్లోనే ఉంది. కుడుములకి ఉంచుకో.

ఇల్వా


ఓలాండ్
ఏప్రిల్ 20

ఇల్వాకి,

సీటుని కొట్టంలో పెట్టించాను.

సిక్స్టెన్ మే 16న డబ్బుతో వస్తాడు. బండిని ఆలోగా తెచ్చి ఇంటి ముందు పెట్టు. పెట్రోలు ఖర్చు నేనిస్తాను.

ఇంకేమీ రాయనక్కర్లేదు.

గుడ్రున్


గోథెన్‌బర్గ్
ఏప్రిల్ 26

అత్తా,

రాయొద్దన్నావు కనక రాస్తున్నాను.

నీ ముక్క చదివి ఒళ్ళు మండిపోయింది. నిన్ను ఇంకా తిట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని నీ ఇల్లంతా మళ్ళీ కళ్ళ ముందు వేసుకుని గది గదీ తిరిగాను. దొరికింది. కానీ అది తిట్టడానికి పనికొచ్చేది కాదు.

ముందు గదిలో పాత సోఫా లేదు. చెదలు పట్టిందని కొట్టంలో పడేశానన్నావు. దానికి చెదలు ఎక్కడివి, అది ఇనప ఫ్రేము. నీ మంచం కాళ్ళ కింద ఇటుకలున్నాయి, కింద ఊడ్చుకోవడానికి సులువన్నావు. నువ్వు మంచం కింద ఊడ్చిన చరిత్ర మన వంశంలో లేదు. స్నానాల గదిలో కొత్తగా ఒక కడ్డీ బిగించి ఉంది, తువ్వాలుకన్నావు. తువ్వాలు మాత్రం తలుపు వెనకే వేలాడుతోంది. వంటింట్లో ఉన్న రెండు కుర్చీలకీ చేతులున్నాయి, చేతుల్లేనివి మాయమయ్యాయి. ఆ రెంటి మీదా నా సామాను పెట్టించావు, ఖాళీ చేయమంటే "పరవాలేదులే" అన్నావు.

నువ్వు నిలబడి కాఫీ తాగింది సీటు మీద కోపంతో కాదు. కూర్చుంటే నా ఎదుట లేవాల్సి వస్తుందని.

నా గొప్పతనం కూడా చెప్పుకోనీ. మెడల గురించి దేశంలో ఉన్న కాగితాలన్నీ చదివాను, సీట్లో కూర్చునే మనిషికి తుంటీ మోకాళ్ళూ కూడా ఉంటాయన్న సంగతి మాత్రం మర్చిపోయాను. ఇరవై ఆరేళ్ళ తొడలతో కూర్చుని, బన్ను తిని, బ్రహ్మాండంగా ఉందని తేల్చాను. లోతుగా ఉన్న సీటు, రెండు పక్కలా గట్లు. నీకది గుప్పిట కాదు, బోను. నువ్వు మార్చిలోనే రాశావు, మనిషి లేవాలి కదా అని. అదీ ఎగతాళే అనుకుని నవ్వుకున్నాను.

నీ మీద జాలి పడుతున్నానని అనుకోకు. కోపం ఇంకా తగ్గలేదు. జనవరిలో ఒక్క వాక్యం రాసి ఉంటే సీటుని రైల్లో తిప్పే దుస్థితి నాకు పట్టేది కాదు.

ఒకటే అడుగుతున్నా. నేల నుంచి ఎంత ఎత్తున కూర్చుంటే ఎవరి సాయం లేకుండా లేవగలవు? టేపు పెట్టి కొలువు. ఆ అంకె రాసి పంపు. వేరే మాటలు అక్కర్లేదు.

ఇల్వా


ఓలాండ్
ఏప్రిల్ 30

ఇల్వాకి,

యాభై రెండు సెంటీమీటర్లు. కుడి తుంటి బాగున్న రోజున యాభై.

అది నువ్వు అడిగింది. అడగనిది కూడా చెబుతాను, ఒకసారే. దీని గురించి నువ్వు మళ్ళీ ఎత్తావంటే ఉత్తరాలు పొయ్యిలోకి పోతాయి.

ర్యాలీలో ఒక్కో బండీ కూడలి మధ్యకి వచ్చి ఆగుతుంది. లెన్నార్ట్ మైకులో దాని పుట్టుపూర్వోత్తరాలు అరుస్తాడు. ఈలోగా నడిపిన మనిషి ఇంజను ఆపి, దిగి, ముందుకి నడిచి, బానెట్టు ఎత్తి పక్కన నిలబడాలి. అప్పుడు చప్పట్లు. ప్రతి ఏడాదీ ఇంతే. నేను దిగే తీరు చూడ్డానికి వచ్చేవాళ్ళు ఉండేవాళ్ళు, గొప్పకి చెప్పడం లేదు.

పోయిన మేలో ఇంజను ఆపాను. తలుపు తీశాను. ఎడమ కాలు బయట పెట్టాను. అంతే. కుడి కాలు నా మాట వినలేదు. ఆ సీటు ఎప్పుడో కుంగిపోయింది, గుంటలో కూర్చున్నట్టే. లెన్నార్ట్ చెప్పాల్సింది చెప్పేశాడు. మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు, ఈసారి కాస్త నెమ్మదిగా. ఎవడో ఐస్‌క్రీం నాకుతున్న చప్పుడు నాకు వినబడింది.

అప్పుడు సిక్స్టెన్ వచ్చాడు. తోలు గ్లోవు తీసి, నడుం వంచి, చెయ్యి చాచాడు. "రా గుడ్రున్, ఇందులో సిగ్గుపడ్డానికేముంది" అన్నాడు, మైకు పక్కనుంచే. పట్టుకున్నాను. పట్టుకోక తప్పలేదు. లేచి నిలబడ్డాక జనం చప్పట్లు కొట్టారు. అవి బండికి కొట్టినవి కావు.

ఈ దీవిలో సగం మంది ఆడవాళ్ళని మంచాల మీంచి, నేల మీంచి, ఒకత్తెని పందుల దొడ్లోంచి చేతులు పట్టి లేపినదాన్ని. వాడు నన్ను లేపాడు.

వాడికే ఎందుకు అమ్ముతున్నానని అడుగుతావు. వాడు దాన్ని పాడుచేయడు. తాకను కూడా తాకడు.

గుడ్రున్


గోథెన్‌బర్గ్
మే 10

అత్తా,

నువ్వు చెప్పినదాని గురించి ఎత్తడం లేదు. అంకె గురించి మాత్రమే రాస్తున్నాను.

స్టేషన్ ముందు టాక్సీల వరసకి ఎదురుగా బెంచీ మీద కూర్చుని మధ్యాహ్నం భోజనం చేస్తుంటాను. అక్కడో డ్రైవరున్నాడు, పీపాలాంటి మనిషి, అడుగు తీసి అడుగేస్తే ఆయాసం. బేరం తగిలిన ప్రతిసారీ దిగుతాడు, సూట్‌కేసు ఎత్తుతాడు, ఎక్కుతాడు. ఒక్కసారి కూడా తలుపు పట్టుకుని వేలాడడు. నేను ఇన్నాళ్ళూ అతని పొట్టనే చూశాను, ఎగతాళిగా. ఈసారి అతని సీటు చూశాను. ఎత్తుగా, గట్టిగా, తలుపు వైపు అంచు బల్లలా చదునుగా ఉంది. పక్కకి తిరిగితే చాలు, కాళ్ళు నేల మీద ఉంటాయి.

శనివారం యార్డుకి వెళ్ళాను. "మళ్ళీ వచ్చావా, దండ కోసమేనా?" అన్నాడు. చచ్చిపోయిన టాక్సీ ఒకటి చూపించాడు. డ్రైవరు సీటు బాగానే ఉంది. పక్కది వానకి కుళ్ళిపోయింది, కనక నీ పక్క సీటు ముట్టుకోలేదు. నీ పాతదే ఉంది, ఎర్రగా, అందంగా, దేనికీ పనికిరాకుండా.

మోకాలి వెనక ఒక కర్ర, తొడ పక్కన ఒక కర్ర పెట్టి బెల్టులతో బిగించి కట్టుకుని, ఆ సీట్లోంచి లేచాను, కూర్చున్నాను, లేచాను.

"ఏమైందమ్మాయ్, కాలు విరిగిందా?"

"లేదు, మా అత్తనయ్యాను."

మొదటిసారి అతను నవ్వలేదు.

చేసిన పాపాలు చెబుతాను, ఒకేసారి తిట్టు. నాలుగు రంధ్రాలు వేశాను. ఉన్న పట్టాలకి అది సరిపోలేదు. అడుగు రేకు పల్చన, బోల్టు బిగిస్తే గుద్దినప్పుడు రేకు చింపుకుని వచ్చేస్తుంది, అందుకని కింద ఉక్కు పలకలు వేయించాను. సీటు బెల్టుని సీటుకి కాకుండా బండి దూలానికి బిగించాను. వీపుకి కొక్కెం ఉంది, ఇక మడుచుకోదు. నేల నుంచి యాభై రెండు, రెండుసార్లు కొలిచాను. నీ ఎత్తుకి తల వెనక దిండు సరిగ్గా చెవుల మధ్యకి వస్తుంది. రంగు బూడిద. ఎర్ర తోలుకి వ్యవధి లేదు, ఓపికా లేదు. ఎవరో ఒలకబోసిన కాఫీ వాసన వస్తుంది.

దీంతో నువ్వు చర్చి వైపు నిలబడలేవు. ఖాయంగా చేపల వైపే. అది నువ్వు తేల్చుకో.

15న బండి తెస్తాను. సిక్స్టెన్ 16న వస్తాడు. మధ్యలో నీకు ఒక సాయంత్రం ఉంది, కొట్టం వెనక ఎవరూ చూడని చోట కూర్చుని లేచి చూసుకో. నేను ఇంట్లో గిన్నెలు కడుగుతుంటాను. ర్యాలీ 23న. నేను పక్కన కూర్చుంటాను, కానీ కూడలిలో నీకు చెయ్యి ఇవ్వను. నువ్వు మళ్ళీ ఇరుక్కుపోయినా సరే, లెన్నార్ట్ మూడోసారి అందుకున్నా సరే, ఇవ్వను.

ఇల్వా


ఓలాండ్
జూన్ 2

ఇల్వాకి,

నువ్వు ఊరెళ్ళిపోయి వారం దాటింది, నా నడుం మీద ఫిర్యాదు ఏమీ లేదు. ఇది సీటుని మెచ్చుకోవడం అనుకోకు. అది బూడిద రంగులో, ప్రభుత్వాఫీసు గోడలా ఉంది. ఎండకి కాఫీ వాసన ఇంకా పెరిగింది, ఆ కాఫీ కూడా పలచనిది.

కూడలిలో నువ్వు పక్కనే ఉన్నావు కానీ కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నావు, నాకు తెలుసు. కనక చూడనిది చెబుతున్నాను. ఇంజను ఆపాను. పక్కకి తిరిగాను. రెండు కాళ్ళూ నేల మీద పెట్టాను. లేచాను. లెన్నార్ట్ ఇంకా బండి తయారైన ఊరి పేరు దగ్గరే ఉన్నాడు. నేను బానెట్టు ఎత్తేసరికి వాడికి తర్వాత ఏం చెప్పాలో గుర్తు రాలేదు. జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాడు, అప్పుడు చప్పట్లు పడ్డాయి. ఈసారి బండికే.

సిక్స్టెన్ గ్లోవు తీస్తూ వచ్చాడు. వాడు వచ్చేసరికి నేను నిలబడి ఉన్నాను. చాచిన చెయ్యి ఏం చేసుకోవాలో తెలియక భూతద్దం పట్టుకున్నాడు, లోపలికి తొంగి చూశాడు.

"ఎంత పని చేశావు గుడ్రున్. నాలుగు రంధ్రాలు!"

"లెక్క సరిగ్గానే వచ్చింది. చేపల దుకాణం ఎటు?"

అటు నిలబడ్డాను. రగ్గారెలు నేను అనుకున్నట్టే ఉన్నారు, ఇంకా జిడ్డుగా ఉన్నారు. ఒకడు వచ్చి, "అమ్మమ్మా, ఆ సీటు ఎక్కడ దొరికింది, మా నాన్నకి నడుం నొప్పి" అన్నాడు. నేను నీ అమ్మమ్మనైతే ఆ జుట్టు ఉండేది కాదన్నాను. బీరు ఇవ్వబోయాడు. వద్దన్నాను. తర్వాత తీసుకున్నాను. ఇది నువ్వు చూశావు, ఊళ్ళో అందరికీ చెప్పావు కూడా.

సిక్స్టెన్‌కి బండి లేదని చెప్పేశాను. మే 16నే చెప్పి ఉండాల్సింది, ర్యాలీ అయ్యాక చూద్దామని ఆపి పంపాను. బేరం నువ్వే గెలిచావు. సంతోషించడం అయ్యాక కింది మాట చదువు.

ర్యాలీ దారిలో అందరూ మనల్ని దాటిపోయారు. "గుడ్రున్ అత్తా, నత్తలు కూడా హారన్ కొడుతున్నాయి" అని దారి పొడుగునా వేళాకోళం చేశావు. వయసని అనుకుని ఉంటావు.

ఆ రగ్గారెల పడవలు మన వెనకే ముక్కు ఆనించుకుని వచ్చాయి, సగం తాగిన కుర్రాళ్ళు, ఒక చేత్తో స్టీరింగు. అద్దంలో చూస్తూనే ఉన్నాను. నా తల వెనక దిండు ఉంది. నీ తల వెనక ఏమీ లేదు. నువ్వేమో నా వైపు తిరిగి, మెడ వంచి, చేతులు తిప్పుతూ వాగుతున్నావు. లోకంలో మెడలన్నిటి గురించీ చదివి, నీది ఇంట్లో మర్చిపోయి వచ్చినట్టు. బ్రేకు మీద కాలు పెట్టాల్సి వచ్చిన ప్రతిసారీ నా కుడి చెయ్యి నీ ముందుకి వెళ్ళింది. ఆ చెయ్యి ఏం ఆపుతుంది? ఇన్నేళ్ళూ ఆ బండిని మంచులో తోలాను, తుఫానుల్లో తోలాను. ఎండలో, తిన్నటి రోడ్డు మీద, మొన్న మొదటిసారి భయపడ్డాను.

పక్క వైపుకి కూడా సీటు వెతుకు. ఎన్ని రంధ్రాలు కావాలంటే అన్ని వేసుకో. బిగించేదాకా నా బండిలో నా పక్కన ఎవరూ కూర్చోరు, నువ్వు అసలే కూర్చోవు. ఈ నెల మూడో వారంలో మిడ్‌సమ్మర్ పండక్కి వస్తానన్నావు కదా. స్టేషన్‌కి నేను రాను.

బస్సులో రా.

గుడ్రున్